ఆయ్

కోనసీమలో "ఆయ్" అన్న మాటకు అర్థం తెలియడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. మెడిసిన్‌లో చదివిన ఎన్నో విషయాలు మళ్ళీ పుస్తకం తీస్తే గానీ గుర్తురావు. ఆ నాలుగు నెలలు మాత్రం నిన్నమొన్నటిలా ఉన్నాయి.

మాది అనంతపురం జిల్లా. వర్షం కోసం ఆకాశం వైపు చూస్తూ పెరిగినవాణ్ణి. 2009లో ఎస్పీఎం (సామాజిక, నివారణ వైద్యం) పోస్టింగు కింద మా బ్యాచిని రాజోలు వైపు ఒక ఊరికి పంపారు. మనిషికి రెండు కుటుంబాలు అప్పజెప్పారు. వారానికోసారి వాళ్ళిళ్ళకు వెళ్ళాలి, ఫ్యామిలీ ఫోల్డర్ నింపాలి, ఆఖర్న మాస్టారి ముందు కేసు చెప్పాలి. అమలాపురంలో బస్సెక్కి గోదావరి పాయ వైనతేయను దాటుతుంటే, ఇన్ని నీళ్ళున్న చోట మనుషులకు కష్టమేముంటుంది అనుకున్నాను. కాలవ, కాలవ గట్టున కొబ్బరి తోట, తోటలో బోదెలు, బోదెల్లోనూ నీళ్ళే. మా ఊళ్ళో బిందెడు నీళ్ళకు జరిగే తగువులు తెలిసినవాడికి అదో వేరే లోకం.

నాకు పడిన రెండిళ్ళలో ఒకటి కాలవ గట్టు పక్క రెండు గదుల పెంకుటిల్లు. వరండాలో నవారు మంచం. కింద చాప మీద ఒక పెద్దావిడ కాళ్ళు చాపుకుని కూర్చుని, ఒళ్ళో కొబ్బరాకులు కుప్పగా పోసుకుని, చాకుతో ఈనెలు చీరుతోంది. చీపుర్లు కట్టి అమ్ముతుంది. మా వైపు అలవాటు కొద్దీ "అవ్వా" అని పిలిచాను. ఆవిడ నవ్వింది. "అవ్వేంటి బాబూ, మామ్మ అనండి. కూకోండి" అంది.

ఫారం తీశాను. ఇంట్లో ఎందరు, వయసులు, చదువు, ఆదాయం, మరుగుదొడ్డి, వంటచెరకు. కొడుకు కొబ్బరి దింపు కార్మికుడు. కోడలు ఇంటిపనికి కువైట్ వెళ్ళి ఏడాదిన్నర. మనవడికి తొమ్మిదేళ్ళు, మూడో తరగతో నాలుగో తరగతో వాడికే సరిగ్గా తెలియలేదు. దీర్ఘకాలపు జబ్బులు? "మాకేం లేవండి." నలభై నిమిషాల్లో నాలుగు పేజీలు నిండాయి. తోటివాళ్ళందరికంటే ముందు నాదే అయింది. ఆ సంతోషంతో బస్సెక్కాను.

రెండోవారం వెళ్ళినప్పుడు నాకు బొండం ఇద్దామని ఆవిడ లేచింది. ఒళ్ళో ఆకులు జారాయి. ఎడమ కాలు మోకాలి కింద నుంచి స్తంభంలా ఉంది. చర్మం దళసరిగా, బుడిపెలు బుడిపెలుగా, పాదం మీద మడతలు పడి ఉంది. బోదకాలు. మా ఎస్పీఎం పాఠ్యపుస్తకం పార్కులో బొమ్మ చూశాను కానీ, అది ఒక మనిషి కాలై, ఆ మనిషి నాకోసం బొండం తేవడానికి దాన్ని ఈడ్చుకుంటూ వెళ్ళడం చూడలేదు.

"మామ్మగారూ, పోయినవారం జబ్బులేం లేవన్నారు కదా?"

"జబ్బేవుందండి? జొరవొస్తే జబ్బు. ఇది కాలు కదండి."

ఆ మాటకు అప్పుడు నాలో చిరాకు తప్ప ఇంకేం కలగలేదు. ఎప్పుడు మొదలైందని అడిగాను. "మంట లేచిన ఏడండి" అంది. ఏం మంట? నా పక్కన నిలబడ్డ మనవడికీ తెలియదు. వాడు అప్పటికి పుట్టలేదు. పక్కింటాయన గోడ మీంచి అందుకుని చెప్పాడు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో గ్యాస్ బావి పేలింది. 65 రోజులు ఆరకుండా మండింది. ఆ రాత్రుళ్ళు ఊరంతా పట్టపగల్లా ఉండేదట. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు గొడ్డూగోదా తోలుకుని చుట్టాలిళ్ళకు పోయారట. ఆ పోయిన చోటే ఆవిడకు మొదటిసారి చలిజ్వరం వచ్చి, గజ్జలో బిళ్ళ కట్టి, కాలు వాచింది. కొడుకు పెళ్ళి "తుపానెళ్ళిన మరుసటేడు". అంటే 1996 నవంబరు 6 తర్వాత. ఆవిడకు సంవత్సరాలు లేక కాదు. అంకెలకు బదులు ఆ ఏట జరిగినదాన్ని గుర్తుపెట్టుకుంది. నా ఫారంలో మాత్రం నాలుగంకెలకు నాలుగు గడులు.

ఏడాదికి ఎన్నిసార్లు జ్వరం వస్తుందని అడిగితే అదే తీరు. "జగ్గన్నతోట తీర్థానికి ముందోసారి, అంతర్వేది తీర్థం ఎళ్ళొచ్చాక ఓసారి, ఆషాఢంలో రెండుమాట్లు..." వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాను. ఐదు. బోదకాలులో మనిషిని కుంగదీసేది వాపొక్కటే కాదు, ఈ జ్వరాలు. లోపలి నాళాలు పాడై వాచిన కాలికి వేళ్ళ సందుల్లో చర్మం ఒరిసిపోతుంది. ఆ సందుల్లోంచి సూక్ష్మజీవులు దూరతాయి. ప్రతి జ్వరానికీ కాలు మరికాస్త గట్టిపడుతుంది. దీనికి పెద్ద మందులక్కర్లేదు. రోజూ సబ్బుతో కడగాలి, వేళ్ళ మధ్య తడి లేకుండా తుడవాలి, పడుకున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టాలి. ఇంతే. ఇంతమాత్రం శ్రద్ధతోనే జ్వరాలు బాగా తగ్గుతాయి.

అదంతా చెప్పాను. ఒక్కో వాక్యానికీ ఆవిడ "ఆయ్" అంది. రోజూ కడగాలండి. ఆయ్. సబ్బుతోనేనండి. ఆయ్. వేళ్ళ మధ్య తుడవాలి. ఆయ్. వారం రోజులుగా ఈ జిల్లా వాళ్ళ మాట వింటున్నాను కదా, ఆయ్ అంటే సరేనని నేనే అర్థం చెప్పుకున్నాను. "రోగికి వివరించాను, అంగీకరించింది" అని రాసుకున్నాను.

మూడోవారం కాలు అలాగే ఉంది. వాసన వస్తోంది. నాలుగో వేలికీ చిటికెన వేలికీ మధ్య తెల్లగా నాని ఉంది. "కడుగుతున్నారా మామ్మగారూ?" "ఆయ్." నాకు కోపం వచ్చింది. గొంతు పెంచాను. అంత దూరం నుంచి వచ్చి చెబుతుంటే మీకు లెక్కలేదా, ఈ కాలు మీది కాదా, ఇంకా ఏమేమో అన్నాను. నా వయసు ఇరవై ఒకటి. ఆవిడకు అరవై దాటాయి. ఆవిడ తల దించుకుని ఈనె చీరుతూనే ఉంది. మనవడు గుమ్మంలో నిలబడి అన్నాడు:

"మామ్మ కడగదండి. మా అమ్మ కడిగేది."

నేను కూర్చుండిపోయాను. అప్పటిదాకా ఆ ఇంట్లో నేను కూర్చున్నది వాళ్ళు వేసిన కుర్చీలో. ఆ రోజు చాప మీద, ఆవిడ పక్కన కూర్చున్నాను. ఫారం సంచిలో పెట్టేశాను. చాప మీద నుంచి చూస్తే ఇల్లు వేరేగా కనబడింది.

ఆవిడ మోకాలు మడవలేదు. మడవలేని మనిషి చెయ్యి కాలివేళ్ళ దాకా అందదు. ఈ చిన్న సంగతి చూడటానికి పుస్తకం అక్కర్లేదు, కళ్ళు చాలు. నేను చూడలేదు. ఇక నీళ్ళు. పెరట్లో బోరుంది, నీళ్ళు ఉప్పన. సముద్రం అంతదూరంలో లేదు కదా. సబ్బు రుద్దితే నురగ రాదు, చర్మం మంటెత్తుతుంది. కాలవ రేవులో కడుగుదామంటే మెట్లు పాచి పట్టి జారతాయి, ఒకసారి పడింది కూడా. మంచినీళ్ళు పొద్దున్నే కాసేపు వీధి కుళాయికి వస్తాయి. కొడుకు చెట్లెక్కడానికి పోతాడు, మనవడు బడికి పోతాడు. ఈలోపు పట్టుకున్న రెండు బిందెలే తాగడానికీ వంటకూ. ఆ నీళ్ళు కాలికి పొయ్యడమంటే ఆవిడకు తప్పు చేస్తున్నట్టే. నీళ్ళ మధ్యన ఉన్న ఇంట్లో కాలు కడగడానికి నీళ్ళు లేవు. అనంతపురం వాడిగా ముందు నాకే తట్టాల్సిన విషయమది.

ఇక కోడలు. కువైట్ వెళ్ళకముందు రోజూ రాత్రి ఆ పిల్లే అత్తగారి కాలు ఒళ్ళో పెట్టుకుని కడిగేదట. నా ఫోల్డర్లో ఆ అమ్మాయి గురించి ఒక్క మాటే ఉంది: వలస. ఎంత పంపుతోంది అన్నది ఆదాయం గడిలో వేశాను. ఆ అమ్మాయితో పాటు ఈ ఇంటి నుంచి ఏమేం వెళ్ళిపోయాయో రాయడానికి గడి లేదు. కోనసీమలో ఇలా ఆడవాళ్ళు గల్ఫ్ దేశాలకు వెళ్ళిన ఇళ్ళు ఊరూరా ఉన్నాయి. ఆ ఇళ్ళలో ముసలివాళ్ళనూ పిల్లలనూ ఎవరు చూస్తున్నారన్నది వైద్యుడు అడగాల్సిన ప్రశ్నేనని ఆ రోజు తెలిసింది.

"మరి కడగలేనని నాకెందుకు చెప్పలేదు మామ్మగారూ?"

"మీరంత ఇదిగా చెబుతుంటే కాదంటే బాగోదు కదండి."

అదీ ఆయ్. "మీ మాట చెవిన పడింది, మీరంటే నాకు గౌరవం" అని. "చేస్తాను" అని కాదు. చెయ్యగలను అని అంతకన్నా కాదు. గోదావరి జిల్లాల్లో పుట్టిన పిల్లాడికి ఇది ఉగ్గుపాలతో తెలుసు. నాకు తెలియకపోవడం తప్పు కాదు. తెలుసుకోకుండానే అంగీకరించిందని రాసుకోవడం తప్పు. ఆసుపత్రి ఓపీలో ఎదుట కూర్చున్న ప్రతివాళ్ళూ, ఏ జిల్లా వాళ్ళైనా, తల ఊపుతారు. మనం ఆ తలూపును నమ్మి తర్వాతి చీటీ అందుకుంటాం.

ఆ రోజు మనవణ్ణి పిలిచి ఇద్దరం కలిసి చేశాం. ఒక్క చెంబు నీళ్ళు చాలు. వాడు పైనుంచి సన్నగా పోశాడు, నేను రుద్దాను. ఆవిడ "వద్దు బాబూ, కాలు పట్టుకోకండి" అని గింజుకుంది. పాత నేతచీర అంచు చింపి పేలికలు చేశాం. చిటికెన వేలి సందులోంచి మొదలుపెట్టి బొటనవేలి దాకా, సందు సందుకూ పేలిక దూర్చి, మెల్లగా అద్దాలి. రుద్దితే పుండవుతుంది. వాడి చేతులు నా చేతుల కంటే చిన్నవి, సందుల్లోకి ఇంకా బాగా వెళ్ళాయి. రోజూ బడి నుంచి రాగానే చేస్తానన్నాడు. వాడు ఆయ్ అనలేదు. "పొద్దున్న పట్టే నీళ్ళల్లో ఓ చెంబు దాస్తానండి" అన్నాడు.

కాలు ఎత్తు మీద పెట్టడానికి దిండ్లు పెట్టమన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. మొదటిసారి నాకు కాదని చెప్పడం అదే. "దిండు నిద్దట్లో జారిపోద్దండి. మంచం కాళ్ళ కింద ఇటికలెడితే?" కాళ్ళవైపు రెండు కోళ్ళ కింద రెండేసి ఇటుకలు. మంచమంతా తలవైపుకు వాలింది. ఏ పాఠం చదవని మనిషి చెప్పిన ఆ ఉపాయం తర్వాత బోదకాలు మీద రాసిన పుస్తకాల్లో చదివాను.

నాలుగో వారం, ఐదో వారం. వేళ్ళ సందులు ఆరాయి. ఆ నాలుగు నెలల్లో చలిజ్వరం రాలేదు. ఇది నా గొప్పగా చెప్పుకోను. ఒక తొమ్మిదేళ్ళ పిల్లాడి ఓపిక అది.

కొడుకు సంగతి నాకు ఇంకా ఆలస్యంగా తెలిసింది. దేశంలో బోదకాలున్న జిల్లాల్లో 2004 నుంచి ఏటా ఒకసారి అందరికీ ఒకేసారి మాత్రలు మింగించే కార్యక్రమం మొదలైంది. ఆ ఏడు మాత్రలు పంచిన వారంలోనే మేమూ ఇళ్ళకు వెళ్ళాం. "వేసుకున్నారా?" "ఆయ్." ఫారంలో మూడు టిక్కులు పెట్టాను. ఆయ్ సంగతి తెలిశాక కూడా పెట్టాను, అలవాటు అంత త్వరగా పోదు. తర్వాత ఓ రోజు మనవడు గోడగూట్లో పేలికల కోసం వెతుకుతుంటే ఒక కాగితం పొట్లం కిందపడింది. విప్పి లెక్కపెట్టాను. డీఈసీ మాత్రలు ఎనిమిది, ఆల్బెండజోల్ మూడు. పెద్దవాళ్ళిద్దరికీ మూడేసి, పిల్లాడికి రెండు. ఒక్కటీ తగ్గలేదు.

ఆ డీఈసీ కథ తెలిసినవాళ్ళకు ఆ పొట్లం చూస్తే గుండె బరువెక్కుతుంది. అది యల్లాప్రగడ సుబ్బారావు గారి మందు. వసిష్ఠ పాయకు అవతల, భీమవరంలో 1895లో పుట్టిన మనిషి. మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా చేరి, లెడర్లే ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1947లో ఈ మందును లోకానికి ఇచ్చింది. మరుసటేడే ఆయన పోయారు. గోదావరి ఒడ్డు మనిషి బుర్రలోంచి పుట్టిన మందు సముద్రాలు దాటి తిరిగి గోదావరి ఒడ్డుకే వచ్చి, గోడగూటి దాకా చేరి, నోటి దాకా చేరలేదు.

సాయంత్రం కొడుకు వచ్చేదాకా ఉన్నాను. ఈసారి గొంతు పెంచలేదు. "ఎందుకు వేసుకోలేదన్నా?" అని మాత్రం అడిగాను. ఆయన నడుముకున్న కత్తి తీసి గుమ్మం పక్కన పెట్టి, కాళ్ళకు వేసుకునే బందం వంకెకు తగిలించి, చెప్పాడు. అంతకు ముందేడు వేసుకున్నాడట. తల తిరిగింది, ఒళ్ళు వెచ్చబడింది. అప్పుడు తాను యాభై అడుగుల చెట్టు మీదున్నాడు. మట్టను రెండు చేతులా కావలించుకుని, కళ్ళు మూసుకుని, తిరుగుడు తగ్గేదాకా అక్కడే ఉన్నాడు. "దిగాక అనుకున్నానండి, ఇంక ఏసుకోనని. కాలు వాస్తే చీపురు కట్టుకోవచ్చు. చెట్టు మీంచి పడితే ఏవుంటాదండి?"

రక్తంలో పురుగు పిల్లలున్నవాళ్ళకు మందు పడగానే అవి చచ్చి జ్వరం, తలతిరుగుడు వస్తాయి. అంటే మందు పనిచేస్తోందని గుర్తు. అది నాకు తెలుసు. అన్నం తిన్నాకే మాత్ర వెయ్యాలన్నదీ తెలుసు. చెట్టెక్కేవాడు కడుపునిండా తిని ఎక్కడని నాకు తెలియదు. ఫారంలో ‘నిరాకరించారు, కారణం’ అన్న గడిలో తోటి విద్యార్థులం ఊరంతటికీ రాసింది ఒకే మాట: అవగాహన లేదు. ఆ మాట రాసినందుకు ఇవాళ్టికీ సిగ్గుపడుతున్నాను. ఆ మనిషికి తన పని గురించి, తన ఒంటి గురించి ఉన్న అవగాహన నాకు లేదు.

మర్నాడు చెట్టెక్కని రాత్రి చూసుకుని, అన్నం తిన్నాక వేసుకోమని చెప్పాను. "ఆయ్" అన్నాడు. ఆ పై వారానికి మా పోస్టింగు అయిపోయింది. మామ్మగారు ఒక సంచిలో నాలుగు కొబ్బరికాయలు పెట్టి, "మళ్ళీ రండి బాబూ" అంది. ఆయ్ అన్నాను. బస్సెక్కాను. వెళ్ళలేదు. పరీక్షలు, హౌస్ సర్జన్సీ, పీజీ. కారణాలు చాలానే ఉన్నాయి.

పీజీలో ఎస్పీఎం తీసుకోవడానికి ఆ ఇల్లే కారణం. ఇప్పుడు ఆ పాఠాలే చెబుతున్నాను. విద్యార్థుల్ని ఇళ్ళకు పంపాలన్న ఆలోచన కొత్తది కాదు. 1946లోనే భోర్ కమిటీ, సమాజాన్ని ఎరిగిన వైద్యుడు కావాలంది. సేవాగ్రామ్‌లో సుశీలా నయ్యర్ 1969లో పెట్టిన కాలేజీలో పిల్లలు పల్లెలో మకాం వేసి కుటుంబాలను దత్తత తీసుకోవడం అలవాటు. వెల్లూరులోనూ పల్లెలో ఉండి నేర్చుకునే పద్ధతి ఉంది. 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ దీన్ని దేశమంతా తప్పనిసరి చేసింది. మొదటేడాది నుంచే ప్రతి విద్యార్థీ కొన్ని కుటుంబాలను మూడేళ్ళపాటు చూడాలి. మొత్తం 78 గంటలు. గంటల కంటే ఆ మూడేళ్ళ మీద నాకు నమ్మకం. మొదటి రెండుసార్లూ నాకు దొరికింది మర్యాదే. మూడోసారికి గానీ మనవడు నోరు విప్పలేదు. అందుకే నేను పిల్లలకు మొదటిసారి ఫారం ఇవ్వను. ఊరికే వెళ్ళి, చాప మీద కూర్చుని, వాళ్ళు పెట్టింది తాగి రమ్మంటాను. లాగ్‌బుక్ నిండదని కొందరు గొణుగుతారు. తర్వాత నిండుతుంది.

2023లో పని మీద అమలాపురం వెళ్ళాను. ఒక పూట ఖాళీ దొరికితే ఆ ఊరికి పోయాను. పద్నాలుగేళ్ళు. పెంకులు తీసి రేకులు వేశారు. వరండాలో అదే మంచం, కాళ్ళవైపు కోళ్ళ కింద అవే ఇటుకలు. మామ్మగారు పోయి ఆరేళ్ళయిందట. మనవడు మస్కట్‌లో డ్రైవరు. కోడలు తిరిగొచ్చేసింది, ఆ పూట అమ్మగారింటికి వెళ్ళింది. కొడుకు నన్ను పోల్చుకుని, "బాబుగారు కదండి" అని లేచాడు. జుట్టు నెరిసింది. కూర్చోమని మంచం చూపించాడు. కూర్చుంటే తలవైపుకు జారాను.

"ఇంకా ఇటుకలు తియ్యలేదేం?"

ఆయన మాట్లాడలేదు. లుంగీ కాస్త కిందికి లాక్కున్నాడు. నేను అప్పటికే చూశాను. ఎడమ చీలమండ దగ్గర గుంట పూడుకుపోయి ఉంది.

"ఏం లేదండి. చెట్లెక్కీ ఎక్కీ అలా వాచిందంతే."

ఆ మాత్రలు వేసుకున్నావా అని అడగలేదు. మంచం దిగి కింద కూర్చున్నాను. కాలు ఇటివ్వమన్నాను. వద్దండి అంటూనే ఇచ్చాడు. వేలు నొక్కితే సొట్ట పడింది, ఇంకా మెత్తగానే ఉంది. ఓ చెంబు నీళ్ళు, పాత గుడ్డ పేలిక ఒకటి కావాలన్నాను. "ఆయ్" అని లోపలికి వెళ్ళి తెచ్చాడు. చిటికెన వేలి సందు దగ్గర మొదలుపెట్టాను.